మోకాలి దగ్గరి మనిషి

మా కోడలు కంప్యూటర్ మీద బొమ్మ గీస్తుంటే వెనక నిలబడి చూడటం నాకు అలవాటు. అది ఆమెకు నచ్చదని తెలుసు. అయినా చూస్తాను. ఆ రోజు తెర మీద ఒక తెల్లవాడు పెద్ద టోపీ పెట్టుకొని, ఎర్రటి ఎండలో కళ్లు చికిలించి, తుపాకీ పట్టుకొని నిలబడ్డాడు. వెనక కొండలు. ముఖం బాగానే కుదిరింది. గడ్డం మీది మాసిన వెంట్రుకలు కూడా ఒక్కొక్కటిగా గీసింది.

“మొఖం మంచిగున్నది. చేతులు సచ్చినయి,” అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. “సచ్చుడేంది అత్తమ్మా?”

“తుపాకి చేతిల లేదు. చేతికి అతికిచ్చినట్టున్నది. కింద పడ్డా ఆయనకు తెల్వది.”

“పొద్దుగాల్నే మొదలువెట్టినవా,” అంది. అంటూనే బొమ్మను పెద్దది చేసి, చేతుల దగ్గరికి తెచ్చి చాలాసేపు చూసింది.

ఆమె పని ఏమిటో చెప్పాలి. దూరదేశంలో ఒక కంపెనీ ఉంది. పాత కౌబాయ్ సినిమాలను, అంటే గుర్రాలు, టోపీలు, తుపాకులు ఉండే సినిమాలను శుభ్రం చేసి మళ్లీ డిస్కుల మీద అమ్ముతుంది. ప్రతి డిస్కు పెట్టెకూ కొత్త అట్టబొమ్మ కావాలి. లోపల మడతపెట్టిన పోస్టర్ ఒకటి కావాలి. ఫోన్లలో సినిమా చూసే కాలంలో డిస్కులు ఎవరు కొంటారని అడిగితే, “కొనేటోళ్లు ఉన్నరత్తమ్మా. సూసెటందుకు కాదు, దాసుకునేటందుకు,” అంది. కట్టని చీరలను బీరువాలో దాచుకునేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి నమ్మాను.

ముందు ఒక్క సినిమాకు గీసి చూపించమన్నారు. నచ్చితే ఆ వరసలోని సినిమాలన్నీ ఆమెకే ఇస్తారు. కామారెడ్డిలో మా ఇంట్లోనే, కిటికీ పక్కన కూర్చొని చేసుకునే పని. నచ్చకపోతే ఆమె వచ్చే నెల హైదరాబాద్ పోవాలి. బిడ్డను కన్నప్పుడు వదిలేసిన ఆఫీసు మళ్లీ రమ్మంటోంది. పోతే వారమంతా అక్కడ హాస్టల్లో ఉండాలి, శనివారం రావాలి. పిల్ల ఇక్కడ నా దగ్గర ఉంటుంది. మా అబ్బాయి ఉద్యోగం ఈ ఊళ్లోనే. అతను ఉండమనడు, పొమ్మనడు. అదే అతని జబ్బు.

మొదటి బొమ్మ తిరిగొచ్చింది. అందరూ గీసేలాగే ఉందన్నారట. ఈ టోపీవాడు రెండోది. ఇదీ తిరిగొచ్చింది. చల్లగా ఉందన్నారట. అంత ఎండ గీస్తే చల్లగా ఉండటమేమిటో నాకు అర్థం కాలేదు. ఇంకొక్కసారి చూస్తామన్నారు. ఆ సాయంత్రం ఆమె అన్నం ముద్ద పిల్ల నోటి దగ్గర పట్టుకొని ఎటో చూస్తూ ఉండిపోయింది. పిల్ల నోరు తెరిచి ఎదురుచూస్తోంది.

నేను లోపల ఒకటి పెట్టుకొని బయట ఇంకొకటి మాట్లాడలేను. “నువ్వు పోతె పిల్ల నాకాడ ఉంటది. నాకేం నష్టం?” అన్నాను.

“నీకు నష్టం లేదు. నష్టం నాది,” అంది. ముద్ద పిల్ల నోట్లో పెట్టింది.

నేను లేచి పిల్లకు నీళ్లు తెచ్చాను.

బొమ్మలలో చేతుల గురించి నేను మాట్లాడటానికి కారణం ఉంది. మేము ఎల్లారెడ్డిలో ఉన్నప్పుడు మా ఆయన సినిమా బోర్డులు వేసేవాడు. అక్కడ డేరా టాకీసు ఉన్న రోజుల నుంచి, ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయేదాకా వేశాడు. ఎల్లారెడ్డిలోనే కాదు, కామారెడ్డికీ దోమకొండకూ కూడా బొమ్మ వేసిన గుడ్డను చుట్టగా చుట్టి బస్సు మీద వేసుకొని పోయేవాడు. పొడి రంగులు గోందు జిగురులో కలపడం నా పని. ఆయన గీత గీస్తే లోపల నింపడం కూడా నా పనే. పొద్దంతా నాట్లకో కలుపుకో పోయి, వచ్చాక రంగు పని. అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. ఆయన చాక్‌పీసుతో అక్షరాల అంచులు గీసేవాడు. నేను వాటిని గుర్రం కడుపు నింపినట్టే నింపేదాన్ని. నాకు ఆ రెండింటికీ తేడా లేదు. నేర్పిస్తానని ఆయన అనలేదు, నేర్పించమని నేనూ అడగలేదు. ఆయన పోయాక, మహిళా సంఘంలో వేలిముద్ర వేసి వేసి చిరాకొచ్చి, తల నెరిసిన తర్వాత నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఒకసారి ఎల్లారెడ్డిలో పాత గోడ మీద మా రంగే వెలిసిపోయి కనిపిస్తే నిలబడి కూడబలుక్కొని చదివాను. ‘నేడే చూడండి’ అని ఉంది. అన్నేళ్లు నేను నింపింది ఇదా అనుకున్నాను. ఇంకా ఏదో పెద్ద మాట అయి ఉంటుందనుకునేదాన్ని.

తెలుగు సినిమా రీళ్ల పెట్టె దొరకని వారాల్లో టాకీసు సేటు కౌబాయ్ సినిమా తెచ్చేవాడు. అందులో ఎవరు ఏం మాట్లాడుతున్నారో డేరాలో ఒక్కరికీ తెలియదు. గుర్రాలు ఉరికితే చాలు, జనం వచ్చేవారు. పెట్టెతో పాటు అరచేతి అంత ఫొటోలు రెండు మూడు వచ్చేవి. మా ఆయన ఆ ఫొటోకు గళ్లు గీసి, గుడ్డ మీద పెద్ద గళ్లు గీసి, ఒక్కొక్క గడి చూసుకుంటూ బొమ్మను పెంచేవాడు. ముఖం పెరిగేది. టోపీ పెరిగేది. చేతులు మాత్రం పెరిగేవి కావు. ఫొటోలో చెయ్యి జొన్నగింజంత ఉంటే అందులో వేళ్లు ఎక్కడ వెతుకుతాడు? ఆయన చూసినదే గీయగలడు, ఊహించి గీయడం రాదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు.

అందుకని నన్ను నిలబెట్టేవాడు. తుపాకీ మాకెక్కడిది? నేను పొలం నుంచి తెచ్చిన పార ఉండేది. దాన్నే పట్టుకొని వాకిట్లో నిలబడేదాన్ని.

“కదలకు.”

“దోమ కుడుతున్నది.”

“తెల్లోనికి కుట్టదా దోమ? ఓర్సుకో.”

అలా ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఎందరు కౌబాయ్‌లు నిలబడ్డారో, అందరి చేతులూ నావే. నా ఎడమ చేతి ఉంగరం వేలు వంకర. పెళ్లికాక ముందు మద్నూర్ వైపు చెరుకు కొట్టడానికి పోయినప్పుడు కత్తి తగిలింది. గాయం మానింది గానీ వేలు మళ్లీ చాపుకోలేదు. ఆ వంకర వేలు కూడా బోర్డుల మీదికి ఎక్కింది. వేలు సాపు చేసి గీయమని ఒకసారి అడిగాను. “ఉన్నది ఉన్నట్టు గీస్త. లేంది యాడికెల్లి తేవాలె?” అన్నాడు. నామీద ప్రేమతో అన్నాడని ఇప్పుడు చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. ఆయనకు నిజంగానే రాదు.

ఇంకో తప్పు కూడా ఉండేది. పార పట్టుకున్నట్టు తుపాకీ పట్టుకోరు కదా. మాకు తెలియదు. మా కౌబాయ్‌లందరూ కాలువ మట్టి తియ్యడానికి బయల్దేరినట్టు, ఒక చెయ్యి కిందికి, ఒక చెయ్యి పైకి పెట్టి తుపాకీ కట్టెను గట్టిగా బిగించి ఉండేవారు. ఒక పోలీసాయన బోర్డు కింద నిలబడి పడీపడీ నవ్వాడు. “గిట్ల పట్టి పేలిస్తె ముందుగాల వీడే సస్తడు,” అన్నాడు. మా ఆయనకు మూడు రోజులు అన్నం సయించలేదు. సేటు మాత్రం, “పోలీసోడు టికెట్ కొంటడా? కొనేటోళ్లకు మంచిగనే ఉన్నది,” అన్నాడు. నిజమే. మీసం లేని హీరోలకు మా ఆయన మీసాలు కూడా పెట్టేవాడు. లేకపోతే జనం ఎవరిని మెచ్చుకోవాలో తెలియక తికమకపడతారని. దానికీ ఎవరూ ఏమీ అనలేదు.

నాతో నాట్లకు వచ్చే పిట్లం ఊరి ఆమె ఒకతె ఉండేది. ఇప్పటికీ ఉంది, ఎల్లారెడ్డిలోనే. నోరు కత్తెర. ఒకరోజు కూలికి పోతూ బోర్డు చూసి మధ్య బజారులో ఆగింది. “ఏమే, గీ తెల్లోడు నీ లెక్కనే పార పట్టిండు. నీ మొగడు ఇంట్ల పని సాలక వీన్ని గూడ నాట్లకు తోల్తుండా?” అంది. మిగిలిన ఆడవాళ్లంతా నవ్వారు. తర్వాత ఆమె వేలు పెట్టి బోర్డు అడుగున చూపించింది. “గీ పొట్టి ఆడామె ఎవలే?”

అడుగున, హీరో మోకాలి దగ్గర, బొటనవేలంత ఆడమనిషి ఉండేది. ప్రతి కౌబాయ్ బోర్డులోనూ ఉండేది. ఫొటోలలో అలాగే వచ్చేది. హీరో ఆకాశమంత, ఆమె మోకాలంత. అంత చిన్న బొమ్మకు మా ఆయన కష్టపడేవాడు కాదు, నాకు వదిలేసేవాడు. నేను లంగాకు ఒక రంగు, జుట్టుకు ఒక రంగు వేసి, ముఖానికి ఒక చుక్క పెట్టేదాన్ని. పైన తుపాకీ పట్టిన చేతులు నావి. కింద ఆ చుక్క నేను పెట్టినది. అప్పుడు ఇదంతా ఆలోచించలేదు. అన్నం ఉడుకుతుంటే ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఇవన్నీ కోడలికి చెబితే, “మామయ్య బోర్డు ఒక్కటన్న లేదా?” అని అడిగింది. లేదు. వారం కాగానే గుడ్డ ఉతికి మళ్లీ వాడేవాళ్లం. చివరికి ఆ గుడ్డలే వడ్లు ఎండబోయడానికి పరిచాం.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక, “ఏం సినిమానో నాక్కూడ సూపియ్యి,” అన్నాను. ఆమె దాన్ని చాలాసార్లు చూసి విసిగిపోయి ఉంది. అయినా పెట్టింది. నలుపు తెలుపు సినిమా. మాటలు నాకు రావు. నడుమ నడుమ ఆమె చెప్పింది. నీళ్లు లేని ఊరు. అక్కడ ఒక రైతు, అతని పెళ్లాం. రైతును ఎవరో చంపేస్తారు. అటుగా పోతున్న తుపాకీ వీరుడు ఆగి, చంపినవాళ్ల పని పడతాడు. మళ్లీ గుర్రమెక్కి వెళ్లిపోతాడు. కథ అంతే.

నేను మాత్రం ఆ పెళ్లాన్నే చూస్తూ కూర్చున్నాను. వీరుడు వచ్చేదాకా, వచ్చిన తర్వాతా, వెళ్లిపోయాక కూడా ఆమె చేతులకు తీరిక లేదు. నీళ్లు మోస్తుంది. గుర్రానికి మేత వేస్తుంది. మొగుడు చనిపోతే గొయ్యి ఆమే తవ్వింది. వాళ్ల పార మన పారలా ఉండదు. వంగి లాగేది కాదు, నిలబడి కాలితో తొక్కేది. కొంత తవ్వి, ఆ పార కట్టె కొస మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీద గడ్డం ఆనించి ఊపిరి తీసుకుంటుంది. కన్నీళ్లు లేవు. రెప్పపాటు సేపు అంతే. అప్పుడే దూరంగా గుర్రం కనిపిస్తుంది. వెంటనే అందరూ ఆమెను వదిలేసి ఆ గుర్రం మీదివాడి వెంట పడ్డారు. సినిమా తీసినవాళ్లు కూడా.

“ఆపు. ఎనుకకు తిప్పు,” అన్నాను.

తిప్పింది. ఆమె మళ్లీ కట్టె మీద చేతులు పెట్టింది.

“మేమూ గట్లనే నిలవడేది, కాలువ గట్టు మీద. మేస్త్రి సూడనప్పుడు.”

కోడలు తెరను అలాగే నిలిపి ఉంచింది. “పాత అట్ట మీద ఈమె ఎక్కడున్నదో తెలుసా అత్తమ్మా?”

“మోకాలు కాడ.”

“నీకెట్ల తెలుసు?”

“యాడుంటది మల్ల?”

ఆమె నవ్వలేదు. లేచి వెళ్లి ఇల్లు తుడిచే కర్ర తెచ్చి నా చేతికిచ్చింది. వాకిట్లో నిలబెట్టింది. కర్ర కొస మీద చేతి మీద చెయ్యి, వాటి మీద గడ్డం. “కదలకు,” అంది. అన్నేళ్ల తర్వాత ఆ మాట ఇంకొకరి నోట వినడం వింతగా అనిపించింది. దోమ గురించి మాట్లాడలేదు. ఫోన్‌తో ఫొటోలు తీసుకుంది. పక్కింటామె గోడ మీదుగా చూసి, “ఏమైందవ్వా, నడుము పట్టిందా?” అని అడిగింది. “సినిమాల ఏషం దొరికింది,” అన్నాను.

ఆ బొమ్మ గీయడానికి ఆమె చాలా కష్టపడింది. కంప్యూటర్ పలక మీద చేత్తోనే గీసింది. ఇప్పుడు మాట చెబితే చాలు బొమ్మ గీసి ఇచ్చే ఏఐ అనే యంత్రం ఉందని నాకు తెలుసు. ఇంతకు ముందొకసారి ఆమే నవ్వడానికి చూపించింది. గుర్రం మీద మనిషి అని చెబితే క్షణంలో గీసింది. ఆ మనిషికి ఒక చేతికి ఆరు వేళ్లు, ఇంకో చేతికి వేళ్లు చిక్కుపడ్డ తాడులా ఉన్నాయి. “దానికి చేతులు రావత్తమ్మా, గందుకే నాకింక పని దొరుకుతున్నది,” అంది. ఆ కంపెనీవాళ్లు కూడా యంత్రంతో గీయించిన బొమ్మను తీసుకోబోమని ముందే చెప్పారు.

పూర్తయ్యాక నన్ను పిలిచింది. అట్ట నిండా ఆడమనిషి. ముఖం ఆ సినిమా ఆమెది, చేతులు నావి. కణుపులు ఉబ్బిన చేతులు, గోళ్లలో మట్టి. ఉంగరం వేలు మిగిలిన వాటిని విడిచిపెట్టి పక్కకు తిరిగి ఉంది. ఆమె కాళ్ల దగ్గర సగం తవ్విన గొయ్యి. మోకాలి దగ్గర, దూరంగా, గుర్రం మీద టోపీవాడు, బొటనవేలంత.

నేను వెతికి తప్పు పట్టాలని చూశాను. దొరకలేదు. “పంపియ్యి,” అన్నాను. ఆ మాట విని ఆమె తేలికపడ్డట్టు కనిపించింది. నేను మెచ్చుకోవడం అంటే అదేనని ఆమెకు తెలుసు.

జవాబు త్వరగానే వచ్చింది. ఆమె చదివి కుర్చీలో వెనక్కి వాలింది. ముఖం పాలిపోయింది.

“ఏమన్నరు?”

“బొమ్మ శాన మంచిగున్నదంట.”

“మంచిగుంటె మొఖం గట్ల పెట్టినవేంది?”

“ఏలు సూసి అనుమానపడ్డరు. మనిషి ఏలు గట్ల ఉండదంట. నేను ఏఐతోని గీయించి, మీదికెల్లి దిద్దిన అనుకుంటున్నరు.”

నాకు నవ్వు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. నా వేలిని చూసుకున్నాను. ఇన్నేళ్లుగా నాతోనే ఉంది, పాపం. నాట్లు వేసింది, రంగులు కలిపింది, ‘అ’ రాసింది. ఇప్పుడు అది మనిషి వేలు కాదట.

కోడలు ఆ ఫొటోలు పంపింది, గీతలు పంపింది. నమ్మారు. క్షమించమన్నారు కూడా. కానీ ఇంకో మాట అన్నారు. మేము నమ్మినా, అంగట్లో చూసేవాళ్లు నమ్మరు, యంత్రం తప్పు చేసిందనే అనుకుంటారు, వేలు సాపు చేసి పంపండి, పని మీకే ఇస్తాం.

“సాపు చెయ్యి మల్ల. ఎంతసేపు పడుతది?” అన్నాను.

“ఒక్క నిమిషం.”

“ఏలు కోసం హైదరాబాద్ పోతవా? పిల్లను ఇడిసిపెట్టి? సాపు చెయ్యి.”

చేసింది. నా ఎదురుగానే వేలు కదిలి వచ్చి మిగిలిన వాటి పక్కన చేరింది, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లలాగా. చెయ్యి చక్కగా ఉంది. కానీ అది ఎవరి చెయ్యో అయిపోయింది. ఆ చేతి కింద ఉన్నది పార కట్టె అని కూడా అనిపించలేదు. గొడుగైనా కావచ్చు. నాకు పట్టింపు ఉండదనే అనుకున్నాను. తెలియకుండానే నా వేలిని రెండో చేత్తో పట్టుకున్నాను. ఆమె నన్ను చూడకుండా తెరనే చూస్తూ, “సచ్చిందా?” అని అడిగింది.

అబద్ధం చెప్పాల్సిన చోటు అదే. నాకు ఆ విద్య రాదు. “సచ్చింది,” అన్నాను. “అయినా పంపు.”

ఆమె పంపలేదు. వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి సంగతి విని, “మీ ఇష్టం,” అన్నాడు. ఇద్దరం ఒకేసారి అతన్ని చూసేసరికి స్నానానికి పోయాడు.

మర్నాడు సాయంత్రం ఆమె ఆ కంపెనీ ఆమెతో ఫోన్‌లో ముఖాముఖి మాట్లాడింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఫోన్‌లో నా వయసుకు దగ్గరగా ఉన్న ఒక తెల్లామె కళ్లద్దాలు సర్దుకుంటూ కనిపించింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కోడలు మొదట మాటలు వెతుక్కుంది, తర్వాత గట్టిగా మాట్లాడింది. ఉన్నట్టుండి, “చెయ్యి సూపెట్టు అత్తమ్మా,” అంది.

చెయ్యి ఫోన్ ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పాను. ఆవిడ దగ్గరకు వంగి చూసింది. ఏదో అడిగింది.

“ఎట్లయిందని అడుగుతున్నది.”

“చెరుకు కొడుతుంటె కత్తి తాకిందని చెప్పు.”

చెప్పింది. ఆవిడ ఇంకేదో అడిగింది.

“నొస్తదా అంటున్నది.”

“చలికాలం గుంజుతది. ఇప్పుడు నొస్తలేదు. గాని ఏలు సాపు చేస్తె నా కోడలికి నొస్తున్నది, గది చెప్పు.”

కోడలు ఆ మాట చెప్పిందో లేదో నాకు తెలియదు. చెప్పకుండా దాటేసిందనే నా అనుమానం. ఆవిడ మాత్రం తల ఊపి, మిగతావాళ్లను అడిగి చెబుతానంది.

ఆ తర్వాతి రోజుల్లో హైదరాబాద్ ఆఫీసువాళ్లు ఫోన్ చేశారు. ఆమె కొంచెం గడువు అడిగింది. అటక మీది బట్టల పెట్టె కిందికి దించి దుమ్ము తుడిచి, మంచం పక్కన పెట్టింది. పిల్ల అందులో ఎక్కి కూర్చొని బస్సు అని ఆడుకుంది. నేను వంట చేశాను. పిల్ల నా దగ్గర ఉంటుందన్న ఆశ నాకు మొదట్లో ఉండేది కదా, ఆ పెట్టె చూశాక అది మళ్లీ రాలేదు. వేలు సాపు చేసి పంపమని ఇంకోసారి చెబుదామని రెండుమూడుసార్లు ఆమె దగ్గరికి పోయి, చెప్పకుండానే తిరిగి వచ్చాను. చెబితే వింటుందేమోనని భయం. అంతకు ముందు ఆమె నా మాట వినదనే భయపడేదాన్ని.

జవాబు వచ్చింది. వేలు ఉండవచ్చు. కానీ గుర్రం మీదివాడు మరీ చిన్నగా ఉన్నాడు. అతని పేరు మీదే సినిమా అమ్ముడుపోతుంది, ముఖం కనిపించాలి, పెంచండి.

కోడలు నన్ను చూసింది. నేను ఆమెను చూశాను.

“ఎంత పెంచుతవు?”

“ఎంత పెంచాలె?”

“నడుముదాంక రానియ్యి. బుజందాంక రానియ్యకు.”

మోకాలి దగ్గరి నుంచి నడుము దాకా పెంచింది. గుర్రం రెండడుగులు ముందుకు వచ్చింది. టోపీ కింద ముఖం తెలిసింది. ఆమె చేతుల కిందికే ఉన్నాడు గానీ. వాళ్లు ఒప్పుకున్నారు. పని ఇచ్చారు. కోడలు హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేసి రాలేనని చెప్పింది. ఆ పెట్టె మాత్రం వెంటనే పైకి ఎక్కలేదు. పిల్ల బస్సు దిగలేదు.

అట్ట అచ్చయి వచ్చాక ఒకటి సంచిలో పెట్టుకొని ఎల్లారెడ్డి బస్సెక్కాను. మా ఆయన బతికి ఉంటే చూపించేదాన్ని. ఆయన, “తుపాకి ఏది?” అని అడిగి ఉండేవాడు. ఆయన లేడు కాబట్టి పిట్లం ఆమె దగ్గరికి పోయాను. అరుగు మీద కూర్చొని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమెకు అక్షరాలు రావు, నేర్చుకోనని పంతం. కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు మాత్రం నాకన్నా నయం.

అట్ట ఆమె చేతికిచ్చి ఏమీ చెప్పలేదు. చేతులు కొంగుకు తుడుచుకొని, వెలుతురు వైపు తిప్పి చూసింది. ముందు చేతులే చూసింది.

“నీ ఏలే గదనే ఇది.”

“నాదే.”

“మొఖం నీది గాదు. నీకంత మంచి మొఖం యాడిది?” అంది. మళ్లీ చూసింది. “మొగోడు చిన్నగైండేందే? మొగోళ్లకు తిండి తక్కువైందా ఆ దేశంల?”

“ముందుగాల మోకాలు కాడ ఉండె. మల్ల బతిలాడుకుంటె నడుముదాంక రానిచ్చినం.”

ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది. అట్టను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. నవ్వు ఆగిపోయింది. ఎప్పుడో కాలువ గట్టు మీద ఇద్దరం కట్టెల మీద చేతులు పెట్టి నిలబడ్డది ఆమెకూ గుర్తొచ్చిందేమో, నేను అడగలేదు. ఆమె కూడా పెనిమిటిని అలాగే మట్టిలో పెట్టింది. నాలాగే.

“చేతులు మంచిగున్నయి,” అంది చివరికి. “గాని గొయ్యి సాలదు. గిది మోకాల్లోతు గూడ లేదు. మనిషిని పెట్టెటందుకేనా?”

“సగమే తవ్వింది. అలిసి నిలవడ్డది.”

“గట్లనా,” అంది. అట్టను ఒళ్లో పెట్టుకొని, నాకు తిరిగి ఇవ్వకుండా, మళ్లీ చింతపండు పిక్కలు తీయడం మొదలుపెట్టింది. “అయితె తవ్వుతది తియ్యి. జర సేపు నిలవడనియ్యి.”